పగలు కూలరు, రాత్రి దుప్పటి: వాన రోజు సర్వపిండి ఎందుకు మెత్తబడుతోంది?

వడ్డేపల్లి టీచరమ్మ:

నిన్న మధ్యాహ్నం మూడింటి దాకా హనుమకొండలో నిప్పులు చెరిగే ఎండ. కూలరులో రెండు బకెట్ల నీళ్లు పోసి, దాని ముందే కూర్చున్నాను. నాలుగింటికి చెరువు వైపు నుంచి దుమ్ము లేచింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, కరెంటు పోయింది, ఆ వెంటనే వడగళ్లు. పెరట్లో మామిడి పిందెలు కుంచెడు రాలాయి. రాత్రి పదింటికి బీరువాలోంచి దుప్పటి తీయాల్సి వచ్చింది. ఏప్రిల్ నెలలో దుప్పటి!

ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. అన్నేళ్లూ నాకు వాన అంటే నర్సంపేట బస్సే. తడిసి కాళ్లకు చుట్టుకునే చీర కుచ్చెళ్లు, ఊచ ఊడిన గొడుగు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి చంకన పెట్టుకున్న పరీక్ష పేపర్లు. పిల్లల జవాబులు తడవకూడదని నేను తడిసేదాన్ని. వానను గడప లోపల, కాళ్లు ముడుచుకుని కూర్చుని చూడటం ఈ ఏడాదే మొదలు. మొదట్లో ఏం చేయాలో తోచలేదు. లేచి తలుపు వేయడం, మళ్లీ తీయడం. ఇప్పుడిప్పుడే కుదురుగా కూర్చోవడం వస్తోంది. కరెంటు పోగానే మా వారు బ్యాటరీ రేడియోలో వరంగల్ ఆకాశవాణి పెడతారు. వాన చప్పుడుకు అందులో ఒక్క ముక్కా వినిపించదు, అయినా కట్టేయనివ్వరు. నేను వంటింట్లో చేరతాను.

ఇక అసలు సంగతి. వాన పడితే మా అమ్మ బియ్యప్పిండిని గిన్నెలో ఒత్తి కాల్చి సర్వపిండి చేసేది. అంచు పెంకులా కరకరలాడేది. నేను రెండు గ్లాసుల బియ్యప్పిండికి గుప్పెడు నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు, కారం, ఉప్పు వేస్తాను. ఎండ రోజు చేస్తే బాగానే వస్తుంది. ఎవరికి కావాలి ఎండలో సర్వపిండి? సరిగ్గా వాన రోజే మెత్తటి రొట్టెలా తయారవుతోంది. ఎక్కడ తప్పుతున్నాను? పనిలో పనిగా, ఇలాంటి సాయంత్రాలు మీ ఇళ్లలో ఎలా గడుస్తాయో కూడా చెప్పండి.

జమ్మికుంట కోడలు:

టీచరమ్మా, తప్పు వానది కాదు, మీ నీళ్ల గ్లాసుది. ముసురు పట్టిన రోజు పిండి ముందే చెమ్మ లాగి ఉంటుంది. పైగా ఉల్లికాడలకు ఉప్పు తగలగానే అవీ నీళ్లు వదులుతాయి. ఎండ రోజు లెక్కన పోస్తే జారుగా అవక ఏమవుతుంది? కొలత మానేసి చేత్తో చిలకరించుకుంటూ కలపండి. ఉండ చేసి వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి పిండి అంటకూడదు.

రెండోది మూత. మొదట మూత పెట్టి సన్నటి సెగ మీద మగ్గనివ్వాలి, నిజమే. కానీ చివరిదాకా ఉంచితే మూతకు పట్టిన ఆవిరి నీళ్లయి దాని మీదే కారుతుంది. చివరి నాలుగైదు నిమిషాలు మూత తీసేయండి. వేలితో పెట్టిన రంధ్రాల్లో నూనె చుక్కలు వేస్తారు కదా, ఆ నూనె చుట్టూ బుడగలు ఆగి, అంచు గిన్నెను వదిలి లోపలికి ముడుచుకుంటే అయిపోయినట్టు.

ఇంకో ముచ్చట. ఒకటి కాల్చాక గిన్నె కాలిపోతుంటుంది, చల్లారితే గానీ రెండోదానికి పిండి ఒత్తలేం. మాది పాత పెంకుటిల్లు. మా అత్తమ్మ ఆ గిన్నెను పట్టకారుతో తీసుకెళ్లి చూరు కింద బోర్లిస్తుంది. చూరు నీళ్లు పడగానే చుయ్యిమంటుంది. ఆ చప్పుడు వినగానే పిల్లలు పళ్లేలతో వంటింట్లోకి వచ్చేస్తారు, పేరుపెట్టి పిలవక్కర్లేదు. మాది మందపాటి అల్యూమినియం గిన్నె కాబట్టి సరిపోయింది. పోత ఇనుముదైతే పగులుతుంది, దానితో మాత్రం చేయకండి. ఒత్తే ముందు తడి తుడవడం మరవొద్దు.

పరకాల మిర్చి:

టీచర్ గారూ, మీరు దుప్పటి తీసిన వేళకే మేం పరదాలు తీశాం. ఆఖరి కోత మిర్చి కళ్లంలో ఆరబోసి ఉంది. తడిస్తే రంగు వెలిసి తాలు కాయ అవుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్తే తాలు ధరే అడుగుతారు. మబ్బు చూసి పరుగెత్తేసరికి ఒక మూల తడవనే తడిసింది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. పరదా కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టాక మాకు మాత్రం పనేముంది? అమ్మ డబ్బాలో శనగ గుడాలు పంపింది. పంపుసెట్టు గదిలో నలుగురం మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చుని తిన్నాం. రేకుల కప్పు మీద వడగళ్లు పడుతుంటే ఎవరి మాట ఎవరికీ వినపడలేదు, ధర గురించి మాట్లాడుకునే బాధ తప్పింది.

మీ సర్వపిండిలో ఈసారి చపాటా కారం వేసి చూడండి. మా వైపు మిర్చి రకమే, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చూడటానికి ఎర్రగా భయపెడుతుంది గానీ ఘాటు తక్కువ. పిల్లలూ తింటారు.

హంటర్ రోడ్డు వాసి:

వాన హాయి అనే మాట నా నోట ఇంకా రాదు. 2023 జూలై చివరి వారం గుర్తుందా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వానల్లోనే మా వీధిలోకి నీళ్లొచ్చాయి. తెల్లారి లేచేసరికి గ్యాస్ సిలిండరు వంటింట్లోంచి హాల్లోకి తేలుతూ వచ్చింది. ఇప్పుడు మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. అయినా ఉరిమితే చాలు, కాళ్లు వాటంతటవే మంచం మీదికి వెళ్తాయి.

మా ఆవిడ మాత్రం ఏప్రిల్ వానకు భయపడొద్దంటుంది. కాగిన నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది, సముద్రం వైపు నుంచి వచ్చిన తేమ దానికి తోడై మేఘం కడుతుంది, గంటా గంటన్నరలో ఉన్నదంతా కుమ్మరించి పోతుంది. అల్పపీడనం పట్టిన జూలై ముసురులా రోజుల తరబడి కూర్చోదు. అది ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా పద్ధతి నాది: ముందు ఫోన్లకు చార్జింగ్, మంచినీళ్ల బిందె, కాగితాల సంచి అటక మీదికి. ఆ తరువాతే అల్లం టీ. ఈ మధ్య రెండో కప్పు కూడా తాగుతున్నాను.

వడ్డేపల్లి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. ఈరోజు ఐదింటికి మళ్లీ మబ్బు పట్టింది, పరీక్ష రాయక తప్పలేదు. నీళ్లు చిలకరించాను, చివర్లో మూత తీశాను. అంచు కరకరలాడింది. నడుమ ఇంకా కాస్త మెత్తగానే ఉంది. నూటికి అరవై వేసుకున్నాను. జమ్మికుంట అమ్మాయీ, మిగతా నలభై ఎక్కడ పోయాయో చెప్పాలి. మందం ఎక్కువైందా?

పరకాల తమ్ముడూ, ఆ తడిసిన మూల ఆరిందా? చపాటా రెండు కిలోలు కావాలి, కారం మేమే పట్టించుకుంటాం. ధర నువ్వు చెప్పిందే.

హంటర్ రోడ్డు గారూ, మీది చదివాక మా ఇంటి కాగితాలూ అటక ఎక్కాయి.

మా డాబాకు చూరు లేదు. మేడ మీది నీళ్లు దిగే గొట్టం కింద పెడదామని మా వారికి గిన్నె ఇచ్చి పంపాను. ఆయన గొడుగు వెతికి, చెప్పులు వెతికి, బయటికి వెళ్లేసరికి వాన వెలిసింది. గిన్నె పట్టుకుని గొట్టం కింద ఇంకా నిలబడే ఉన్నారు, చుక్కలు పడుతున్నాయట. నేను వెళ్లి కుళాయి విప్పాలి.