2–2 అయినా ఓడిపోయాం: నాకౌట్ కప్పులో బోర్డ్ కౌంట్ గురించి మీ అనుభవాలు చెప్పండి

నాలుగో బోర్డు (రెడింగ్)

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఒక చిన్న చెస్ క్లబ్బు తరఫున ఆడుతున్నాను. ఈ ఏడాది జట్టు కెప్టెన్సీ కూడా నా నెత్తిన పడింది. నాకౌట్ కప్పు తొలి రౌండులో నలుగురం, గట్టి ఆటగాళ్లు పై బోర్డుల్లో ఉండేలా, నాలుగు బోర్డుల్లో ఆడాం. మొదటి బోర్డులో ఓడాం, రెండో బోర్డులో గెలిచాం, మూడోది డ్రా అయింది. ఇక నా ఆట ఒక్కటే మిగిలింది. చెరో ఏనుగు, చెరో మూడు బంట్లు, బంట్లన్నీ ఒకే పక్కన. అవతలి కెప్టెన్ నా ప్రత్యర్థి వెనక నిలబడి, చేతిలో ఉన్న కాగితం మూలన ఏవో అంకెలు కూడుకొని, ఆయన చెవిలో ఒక మాట వేసి పక్కకు తప్పుకున్నాడు. వెంటనే డ్రా ప్రతిపాదన వచ్చింది. 2–2 అయితే మళ్లీ ఆడిస్తారనుకొని చేయి కలిపాను. ఆ తర్వాత గాని తెలియలేదు, గెలిచిన బోర్డుల అంకెలూ, డ్రా అయిన బోర్డుల అంకెల్లో సగమూ కూడితే (దీన్నే బోర్డ్ కౌంట్ అంటారు) మాకు 5½, వాళ్లకు 4½ అని, ఆ మొత్తం తక్కువైనవాళ్లే ముందుకు వెళ్తారని. ఇలా దెబ్బ తిన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

గుర్రపుదాటు (స్టట్‌గార్ట్)

ఉన్నామండీ. జర్మనీలో నలుగురి జట్ల కప్పులో ఇదే లెక్కను తిరగేసి చేస్తారు. దాన్ని బెర్లిన్ పద్ధతి అంటారు. మొదటి బోర్డు గెలుపుకు 4, రెండో దానికి 3, మూడో దానికి 2, నాలుగో దానికి 1, డ్రా అయితే అందులో సగం. ఎక్కువ వచ్చిన జట్టుదే మ్యాచ్. మీ మ్యాచ్‌ను ఇలా లెక్కేసినా 5½–4½ తేడాతో వాళ్లే గెలుస్తారు. నేను కాగితం మీద అన్ని కలయికలూ వేసి చూశాను. 2–2 అయినప్పుడు మొదటి బోర్డు గెలిచిన జట్టు నష్టపోయే దారి ఒక్కటే ఉంది: తాను 1, 4 బోర్డులు గెలిచి, 2, 3 బోర్డులు పోగొట్టుకోవడం. అప్పుడు లెక్క 5–5 అవుతుంది కాబట్టి అట్టడుగు బోర్డును తీసేసి చూస్తారు, దాంతో అవతలివాళ్లు 2–1తో బయటపడతారు. అందుకే లీగుల్లో కొందరు చేసేటట్టు మొదటి బోర్డును బలిపశువుగా వదిలేసి, గట్టివాళ్లను కిందికి దింపే ఎత్తుగడ కప్పులో పనికిరాదని నా అభిప్రాయం.

తెల్లపావులు (హైదరాబాద్)

ఒక చిన్న అభ్యంతరం. 2024 బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్ నాటికి మన జట్టులో అందరికన్నా ఎక్కువ రేటింగ్ ఉన్నది అర్జున్ ఇరిగేశికే. అయినా ఆయన్ను మూడో బోర్డులో ఆడించారు, 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించారు, జట్టు స్వర్ణం గెలిచింది. మరి దాన్నేమంటారు?

గుర్రపుదాటు (స్టట్‌గార్ట్)

ఒలింపియాడ్ నాకౌట్ కాదు కదండీ. అక్కడ 2–2 అయితే చెరొక మ్యాచ్ పాయింటు పంచుకొని మరుసటి రౌండుకు వెళ్తారు, ఏ బోర్డులో గెలిచినా పాయింటు విలువ ఒకటే. కప్పులో ఆ వెసులుబాటు లేదు.

పాత ఆర్బిటరు (విశాఖపట్నం)

నేను పనిచేసిన జట్టు పోటీలన్నీ స్విస్ (ఓడినా తప్పుకోకుండా అన్ని రౌండ్లూ ఆడేది) లేదా లీగు పద్ధతివే కాబట్టి ఈ చిక్కు మాకు రాలేదు. అయితే ఆ చెవిలో మాట గురించి చెప్పాలి. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమాల ప్రకారం కెప్టెన్ తన ఆటగాడితో “డ్రా అడుగు”, “డ్రా ఒప్పుకో”, “ఓటమి ఒప్పుకో” అని చెప్పవచ్చు. డ్రా ఒప్పుకోవాలా అని ఆటగాడు అడిగితే అవునని గానీ, కాదని గానీ, నీ ఇష్టమని గానీ జవాబివ్వాలి. బోర్డు మీద స్థితి గురించి మాత్రం పెదవి విప్పకూడదు. కాబట్టి ఆయన చేసింది తప్పని చెప్పలేం, కాకపోతే అందరికీ వినబడేలా చెప్పి ఉంటే మర్యాదగా ఉండేది. ఆ మాటకొస్తే, జట్టులో ఇద్దరు తెలుగువాళ్లున్నా ఆట జరుగుతుండగా తెలుగులో మాట్లాడుకోకండి. మీరు మంచినీళ్లు అడిగినా, ఎత్తు చెబుతున్నారేమోనని ఎదుటివాళ్లు అనుమానపడతారు.

మూడో ఏనుగు (లెస్టర్)

మా అనుభవం దీనికి తలకిందులు. కిందటేడు కప్పు మ్యాచ్ రోజున మా నాలుగో ఆటగాడి రైలు తప్పిపోయింది. గడియారం నడుస్తోంది, కుర్చీ ఖాళీగా ఉంది, గడువు దాటగానే 0–1. అప్పుడు మా కెప్టెన్ ఆవిడ ఏమాత్రం కంగారుపడకుండా లెక్క వేసుకున్నారు. నాలుగో బోర్డు మీద మాత్రమే పోయింది కాబట్టి, మిగిలిన మూడు ఆటల్లో ఎలాగైనా రెండు పాయింట్లు వస్తే 2–2 అయినా మేమే గెలుస్తాం. మొదటి బోర్డులో మేం గెలిచే స్థితి కనబడగానే, రెండో బోర్డుకూ మూడో బోర్డులో ఉన్న నాకూ “డ్రా అడగండి” అని మాత్రం చెప్పారు. నాకొక బంటు ఎక్కువ ఉన్నా నోరు మూసుకొని డ్రా చేసుకున్నాను. గుర్రపుదాటు గారి లెక్కలో చెప్పాలంటే 6½–3½. రైలు తప్పినాయన, మేం బల్లలు మడత పెడుతుండగా వచ్చారు.

నాలుగో బోర్డు (రెడింగ్)

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి నా ఆట రాసుకున్న కాగితం తీసి చూశాను. డ్రా ఒప్పుకునేనాటికి నా గడియారంలో 11 నిమిషాలున్నాయి, ఆయన దగ్గర 3 కూడా లేవు. ఆ స్థితిలో గెలుస్తానన్న నమ్మకం లేకపోయినా, డ్రా చేసుకుంటే ఎలాగూ ఓటమే కాబట్టి ఆయన చేత ఇంకో ముప్ఫై ఎత్తులు వేయించి ఉండాల్సింది. వచ్చే సీజనుకు నాలుగు బోర్డుల కలయికల పట్టిక రాసి గడియారాల పెట్టె మూత లోపలివైపు అంటించాను. ఇక ఒక్క సందేహం మిగిలింది. నాలుగు ఆటలూ డ్రా అయితే ఏ లెక్కకూ తేడా రాదు కదా, అప్పుడు మీ మీ కప్పుల్లో ఏం చేస్తారు? మా నియమావళి మళ్లీ తిరగేసే ముందు తెలుసుకుందామని అడుగుతున్నాను.