‘హోల్’ (whole) అన్న ఇంగ్లీషు మాటకు సరైన తెలుగు మాట ఏమిటి?

అనువాదంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పెద్ద గాయం నుంచి బయటపడిన మనిషి మళ్లీ ‘హోల్’ అయ్యాడట. ‘పూర్ణుడయ్యాడు’ అంటే వేదాంతంలా ఉంది. ‘కోలుకున్నాడు’ అంటే సగం అర్థం జారిపోతోంది.

మూలం వెతికాను. పాత ఇంగ్లీషులో ‘హాల్’ అంటే దెబ్బ తగలనిది, ఆరోగ్యంగా ఉన్నది. హీల్ (నయం కావడం), హెల్త్ (ఆరోగ్యం), హోలీ (పవిత్రం) అన్నీ ఆ కుదురువే. ముందున్న ‘డబ్ల్యూ’ 15వ శతాబ్దంలో వచ్చి చేరింది. ఎవరూ పలకకపోయినా కదలదు! విచిత్రమేమిటంటే, దేన్నైనా ముక్కలుగా కాక మొత్తంగా చూడాలనే ‘హోలిజం’ అన్న మాటను 1926లో దక్షిణాఫ్రికా నాయకుడు జాన్ స్మట్స్ ప్రచారంలోకి తెచ్చాడు, దానికి ‘హోల్’తో చుట్టరికమే లేదు. అది గ్రీకు ‘హోలోస్’ నుంచి వచ్చింది. ఆ హోలోస్‌కు తోబుట్టువు సంస్కృత ‘సర్వ’ శబ్దం.

‘దెబ్బ తగలని’ అన్న అర్థం ‘మొత్తం’గా ఎలా మారింది? ఏ ముక్కా పోలేదు కాబట్టి మొత్తం అనుకోవాలా? నా ఊహ అదే. తెలిసినవారు సరిదిద్దండి.

రెండు అర్థాలనూ మోసే తెలుగు మాట ఉందా? ‘అక్షతం’ తట్టింది. కానీ ‘క్షతగాత్రులు’ రోజూ పత్రికల్లో కనిపిస్తారు, ‘అక్షతగాత్రుడు’ అని రాస్తే పాఠకుడు తడబడతాడేమో. ఇంకేదైనా సూచించగలరా?