‘నెల తప్పడం’ అనే మాటను గర్భనిరోధక కరపత్రాల్లో వాడవచ్చా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. మూడు నెలలకొకసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ ‘అంతర’ గురించి తయారవుతున్న ఒక తెలుగు కరపత్రాన్ని సరిదిద్దుతున్నాను. అందులో ‘ఈ ఇంజెక్షన్ తీసుకున్నవారికి నెల తప్పవచ్చు, భయపడవద్దు’ అని ఉంది. చదవగానే ఇబ్బందిగా తోచింది గాని, మార్చమనడానికి భాషాపరమైన కారణం చూపలేకపోయాను. ‘నెల తప్పడం’ అంటే ముట్టు రాకపోవడమా, గర్భం రావడమా? పెద్దలు వివరించగలరు.

జవాబు: మీకు తోచింది సరైనదే. ఆ వాక్యాన్ని తప్పకుండా మార్పించండి.

ఈ మాటను మనం రెండు విధాలుగా వాడతాం. ‘ఆమెకు నెల తప్పింది’ అన్నప్పుడు కర్త నెల. రావలసిన ముట్టు రాలేదన్న అసలు అర్థం అక్కడ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ‘మా కోడలు నెల తప్పింది’ అన్నప్పుడు కర్త కోడలు. అక్కడ రెండు మాటలూ కలిసి ఒకే క్రియగా స్థిరపడి, గర్భం ధరించిందనే అర్థాన్ని మాత్రమే ఇస్తాయి. ఈ రెండో వాడుక ఎంత బలమైనదంటే, మొదటి విధంగా చెప్పినా వినేవారి మనసు గర్భం వైపే పోతుంది. జబ్బుపడి లేచాక ఒక నెల ముట్టు రాని అమ్మాయిని గురించి ఇంట్లోవాళ్లు ‘ఈ నెల రాలేదు’ అంటారే తప్ప ‘నెల తప్పింది’ అనడానికి వాళ్లకు నోరు రాదు. వయసు మళ్లి శాశ్వతంగా ఆగిపోయినప్పుడు ‘ముట్లుడిగాయి’ అనే వేరే మాట ఉండనే ఉంది.

ఈ నుడికారం శరీరధర్మానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. అండాశయంలో పుటిక (అండం పెరిగే చిన్న సంచి) పగిలి అండం విడుదలయ్యాక, మిగిలిన ఆ పుటికే కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టరాన్‌ను స్రవిస్తుంది. గర్భాశయపు లోపొరను నిలబెట్టేది ఆ హార్మోనే. గర్భం రాకపోతే సుమారు 14 రోజుల్లో కార్పస్ లూటియం క్షీణిస్తుంది, ప్రొజెస్టరాన్ పడిపోతుంది, నిలబెట్టే ఆధారం పోయిన లోపొర విడిపోయి ముట్టుగా బయటికి వస్తుంది. పిండం నాటుకుంటే మాత్రం దాని నుంచి వెలువడే హెచ్‌సీజీ అనే హార్మోను కార్పస్ లూటియంను గడువు దాటించి బతికిస్తుంది కనుక ముట్టు రాదు. ఆశా కార్యకర్తలు ఇచ్చే ‘నిశ్చయ్’ గర్భ పరీక్ష కిట్ మూత్రంలో వెతికేది ఈ హెచ్‌సీజీనే. కాబట్టి మన వాడుకలోని ‘తప్పడం’ ఒక గడువును దాటిపోవడం. లోపొర పెరిగి ఉంది, రాలవలసిన వేళకు రాలలేదు.

అంతర విషయంలో జరిగేది దీనికి పూర్తిగా భిన్నం. అందులోని 150 మిల్లీగ్రాముల మెడ్రాక్సీప్రొజెస్టరాన్ అనే కృత్రిమ హార్మోను, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా ఎగసిపడటాన్ని ఆపుతుంది. అది లేనిదే అండం విడుదల కాదు. లోపొర పలచగా ఉండిపోతుంది, రాలడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి ముట్టు ఆగిపోతుంది. ఇంజెక్షన్ సరిగా పనిచేస్తున్నప్పుడు కనిపించే ఈ మార్పును ‘నెల తప్పడం’ అని రాస్తే, చదివిన స్త్రీ దాన్ని ‘గర్భం రావచ్చు’ అని అర్థం చేసుకుని రెండో మోతాదుకు రాకుండా ఉండిపోవచ్చు. అలా మానేసిన కొన్నాళ్లకు, తాను కోరుకోని గర్భం నిజంగానే రావచ్చు. అందువల్ల ఈ పదం విషయంలో నేను పట్టుదలగానే ఉంటాను.

ఇలా రాయించండి: ‘ఈ ఇంజెక్షన్ తీసుకుంటున్నంతకాలం ముట్టు సక్రమంగా రాకపోవచ్చు, మధ్యమధ్య కొద్దిగా కనిపించవచ్చు, కొందరికి పూర్తిగా ఆగిపోవచ్చు. వేళకు ఇంజెక్షన్ తీసుకుంటున్నవారిలో ఇది గర్భానికి గుర్తు కాదు. చెడు రక్తం లోపల నిలిచిపోవడమూ కాదు.’ ఆ చివరి మాటను వదలవద్దు, ఆ భయం మన ఊళ్లలో గట్టిగా ఉంది.

ప్రశ్న: చాలా ఉపకరించింది. మరి రోజూ మింగే మాల-ఎన్ గర్భనిరోధక మాత్రల కరపత్రంలో ‘నెల తప్పితే పరీక్ష చేయించుకోండి’ అని ఉంది. దాన్నీ మార్చాలా?

జవాబు: అక్కడ ఉంచవచ్చు, ఎందుకంటే గర్భం ఉందేమోనన్న అనుమానాన్నే ఆ వాక్యం చెప్పదలచింది. అయితే ‘నెల’ ఏ రోజులకు వర్తిస్తుందో స్పష్టం చేయాలి. ఆ పట్టీలో 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు ఉంటాయి. హార్మోను ఆగిపోవడం వల్ల ఇనుము మాత్రలు మింగే వారంలో ముట్టు కనిపిస్తుంది కాబట్టి ‘ఇనుము మాత్రల వారంలో ముట్టు రాకపోతే, ముఖ్యంగా మధ్యలో మాత్రలు మరచిపోయి ఉంటే, పరీక్ష చేయించుకోండి’ అంటే సందేహానికి తావుండదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికొకసారి మింగే ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్ర హార్మోను మాత్ర కాకపోయినా ముట్టును ఆలస్యం చేయగలదు, అక్కడ ‘ఆలస్యం కావచ్చు’ అని రాస్తే చాలు.

బాలింతల కరపత్రం కూడా మీ చేతికి వస్తే ఒక్క విషయం గమనించండి. కాన్పు తరువాత తొలి ముట్టు రాకముందే అండం విడుదల కావచ్చు. అప్పుడు గర్భం వస్తే తప్పడానికి నెలే ఉండదు కనుక, వారికి ‘నెల తప్పితే రండి’ అని చెప్పడం పనికిరాదు. ‘ముట్టు మొదలు కాకపోయినా గర్భం రావచ్చు’ అని విడిగా, పెద్ద అక్షరాల్లో వేయించండి.