మింగలేని పెద్దలకు అన్నీ కలిపి మిక్సీ పట్టాలా, విడివిడిగా పెట్టాలా?

ఆశ్రమవంటగది (చర్చ మొదలుపెట్టినవారు)

ఒక వృద్ధాశ్రమంలో 40 మంది ఉన్నారనుకోండి. వాళ్లలో 9 మంది మామూలు ముద్ద మింగలేరు. పక్షవాతం వచ్చినవారు, పార్కిన్సన్స్ ఉన్నవారు, మతిమరుపు ముదిరినవారు, పళ్లు లేనివారు. వంటకి ఇద్దరు, తినిపించడానికి ఇద్దరు ఆయాలు, ఒక 750 వాట్ల మిక్సీ. చాలాచోట్ల అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ ఒకే జార్‌లో వేసి, బ్లేడు తిరగడానికి నీళ్లు పోసి, జావలా చేసి పట్టిస్తారు. అది తప్పు, దేనికది విడిగా మెత్తగా చేయాలి అని కొందరంటున్నారు. విడివిడిగా అంటే మూడుసార్లు జార్ కడగాలి, పూటకి 40 నిమిషాలు అదనం. వేళకి, వేడిగా అందడం ముఖ్యమని నా అభిప్రాయం. కడుపులోకి వెళ్లాక ఎలాగూ కలిసేవే కదా. పని తెలిసినవారు చెప్పండి.

మింగుడుథెరపీ

కడుపులో కలుస్తాయి, నిజమే. ఇబ్బంది అంతా కడుపుకి ముందే ఉందండీ. నోట్లో ముద్ద కట్టాలి, నాలుక దాన్ని వెనక్కి తొయ్యాలి, అది గొంతు దాటేలోపు గాలిగొట్టం మూసుకోవాలి. ఈ పని మందగించినవాళ్లకి పల్చటివి ముందే జారిపోతాయి, జిగురుగా ఉన్నవి అంగిట్లో అంటుకుపోతాయి. మీరు చెప్పిన జావలో రెండు దోషాలూ ఉంటాయి. పైన నీరు తేలుతుంది, అడుగున పిప్పి పేరుకుంటుంది. పొలమారితే కనీసం మనకి తెలుస్తుంది. కొందరికి దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది.

అసలు ఆ 9 మందిని ఒకే గాటన కట్టడం దగ్గరే పొరపాటు. ఐడీడీఎస్ఐ అని చాలా దేశాల్లో వాడే కొలమానం ఒకటుంది, 0 నుంచి 7 దాకా మెట్లు. 0 అంటే మంచినీళ్లు, 7 అంటే మామూలు భోజనం. 4 అంటే పలుకు లేని మెత్తని ముద్ద. 5 అంటే తడిగా ఉండి, 4 మిల్లీమీటర్లు మించని తునకలు. 6 అంటే ఒకటిన్నర సెంటీమీటరు మించని మెత్తని ముక్కలు. పళ్లు మాత్రమే లేక, మింగుడు బాగానే ఉన్నవాళ్లకి 5 గానీ 6 గానీ సరిపోవచ్చు. వాళ్లకి జావ పోయడం అన్యాయం. ఎవరికి ఏ మెట్టో వంటగది తేల్చకూడదు. మింగుడు పరీక్షించే స్పీచ్ థెరపిస్టో డాక్టరో రాసిచ్చిన కాగితం గోడకి అంటించి ఉండాలి.

4వ మెట్టు సరిగ్గా వచ్చిందా అని చూడటానికి ఒక ఫోర్కు, ఒక చెంచా చాలు. ఫోర్కు మీద పెడితే గుట్టలా నిలవాలి. ముళ్ల సందుల్లోంచి చిన్న తోకలా దిగితే ఫరవాలేదు, ధారగా కారకూడదు. చెంచాతో తీసి పక్కకి వంచితే ముద్ద మొత్తంగా జారాలి, చెంచాకి పల్చటి పొర మాత్రమే మిగలాలి. వంచినా దిగకుండా పట్టుకుని కూర్చుంటే అది జిగురు. నోట్లోనూ అలాగే పట్టుకుంటుంది.

పప్పుగుత్తి

జిగురు మాట వచ్చింది కాబట్టి వంట వైపు నుంచి చెబుతాను. అన్నాన్ని మిక్సీలో వెయ్యకండి. ఉడికిన బియ్యంలో పిండి రేణువులు ఉబ్బి ఉంటాయి, బ్లేడు వాటిని చితక్కొట్టగానే పిండి బయటికొచ్చి బంకలా సాగుతుంది. బంగాళాదుంప కూడా అంతే. ఆ బంకకి మిక్సీ మొరాయిస్తుంది, కింద ఎర్ర బటన్ పడిపోతుంది. అప్పుడు మాస్టరు ఇంకో గ్లాసు నీళ్లు పోస్తాడు. జావ పుట్టేది అక్కడే.

9 మందికి అర కిలో బియ్యం, 1కి 4 వంతుల నీళ్లు, 6 కూతలు. పొగలు కక్కుతుండగానే పప్పుగుత్తితో ఎనిపి, ఒక గరిటె నెయ్యి, రెండు గరిటెల వేడి పప్పు వేసి మళ్లీ ఎనపండి. కొవ్వు పడితే బంకతనం తగ్గుతుంది. 4వ మెట్టు వాళ్ల వాటాని గరిటె వెనకతో స్టీలు జల్లెడలో రుద్ది దించండి, మిగతావాళ్లకి ఆ పని అక్కర్లేదు. పప్పుకి 300 గ్రాముల చాయపెసరపప్పు తీసుకోండి. కందిపప్పు కంటే నున్నగా దిగుతుంది, గుత్తి చాలు. ఇక మిక్సీ కావలసింది కూరకి ఒక్కదానికే. జార్ కడగడం ఒక్కసారే, మూడుసార్లు కాదు.

కూర కూడా చూసి ఎంచాలి. సొర, పొట్ల, గుమ్మడి, క్యారెట్, చెక్కు తీసిన బీర బాగా నలుగుతాయి. మునక్కాడ, గోరుచిక్కుడు, తోటకూర కాడలు ఎంత తిప్పినా పీచు మిగులుతుంది. టమాటా తొక్క మెత్తబడదు, చిన్న చిన్న చుట్టలుగా మిగిలి గొంతుకి అడ్డం పడుతుంది. వేడినీళ్లలో వేసి తొక్క తీశాకే వాడండి.

పోపు మానేయాల్సిన పని లేదు. నెయ్యిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయించి, టీ వడపోసే స్టీలు జాలీలోంచి నెయ్యి మాత్రం వంచండి. వాసనంతా నెయ్యిలోకే దిగి ఉంటుంది. ఆవగింజ, కరివేపాకు జాలీలోనే ఆగిపోతాయి. ఈ ఒక్క చెంచాడు పోపు నెయ్యి పైన వేశాక నోరు తెరిచే తీరే మారుతుంది.

ఆహారలెక్క

నీళ్ల సంగతి లెక్క వేసి చూపిస్తాను. ఒకరి వాటా: 60 గ్రాముల బియ్యం, 25 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయ, 5 గ్రాముల నూనె. మొత్తం దాదాపు 370 కిలోకేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్. వండాక బరువు సుమారు 350 గ్రాములు. మిక్సీ తిరగడానికి 300 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 650 అవుతుంది. ఇలాంటి పెద్దలు ఒక పూట 250కి మించి తాగలేరు. అంటే లోపలికి వెళ్లేది 142 కిలోకేలరీలు, నాలుగు గ్రాముల పైచిలుకు ప్రొటీన్. గిన్నె ఖాళీ అయింది కాబట్టి రిజిస్టర్‌లో "పూర్తిగా తిన్నారు" అని పడుతుంది. మనిషి మాత్రం నెలనెలా తగ్గిపోతుంటాడు.

పెద్దవయసులో ఒంటి బరువు కిలోకి రోజుకి కనీసం 1 గ్రాము ప్రొటీన్ అందాలి (కిడ్నీ జబ్బుంటే డాక్టరు చెప్పినట్టు). 50 కిలోల మనిషికి 50 గ్రాములు. పల్చన చెయ్యాల్సి వస్తే నీళ్ల బదులు పాలు, పెరుగు, చిక్కటి పప్పు వాడండి. వెన్న తీసిన పాలపొడిలో 100 గ్రాములకి దాదాపు 35 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, రాగిజావలో ఒక పెద్ద చెంచా కలపొచ్చు. గుడ్డు తినేవాళ్లకి ఉడకబెట్టిన గుడ్డు పొడిపొడిగా పెట్టకండి, పచ్చసొన రాలి గొంతులో దుమ్ములా అంటుతుంది. పాలతో గిలక్కొట్టి ఆవిరి మీద ఉడికించండి, జున్నులా దిగుతుంది. బరువు నెలకోసారి చూడండి. రిజిస్టర్ కంటే కాటా నిజం చెబుతుంది.

ఇంటిభోజనం

నేను ఆశ్రమవంటగది గారి వైపు. పళ్లెంలో మూడు రంగుల గుట్టలు పెట్టడం మన అలవాటు కాదు. మనవాళ్లు అన్నంలో పప్పు కలుపుకునే తింటారు. కలపడమే తప్పంటే మన భోజనమే తప్పవుతుంది. పైగా చూపు సరిగా లేనివాళ్లకి గుట్టలెన్ని ఉంటే ఏమిటి?

వార్డుఅక్క

కలుపుకుని తింటాం అన్నది నిజం, అన్నీ ఒక్కసారే కలుపుకోం కదా. పప్పూ నెయ్యీ ఒక వాయి, కూర ఒక వాయి, చారు ఒక వాయి, చివర పెరుగన్నం. ఆ వరస జీవితాంతం నాలుకకి అలవాటై ఉంటుంది. మతిమరుపు ముదిరినవాళ్లకి పేర్లు పోతాయి, పెరుగన్నం రుచి చాలామందికి పోదు. చారు పులుపూ మజ్జిగా పప్పూ కలిసిన బూడిదరంగు ముద్ద ఏ వాయో ఎవరికీ తెలియదు, నాలుగో చెంచాకి మూతి బిగించేస్తారు. దాన్ని "తిండికి మొరాయిస్తున్నారు" అని రాసేస్తాం. చూపు లేనివాళ్లకైతే చెంచా పెట్టేముందు "ఇది పప్పన్నం అమ్మా", "ఇప్పుడు పెరుగన్నం తాతగారూ" అని చెప్పాలి. చెప్పడానికి ముందు అది ఏదో ఒకటై ఉండాలి.

రెండు గిన్నెలు చాలు. ఒకదాంట్లో పప్పన్నం, పక్కనే కూర ముద్ద. రెండోది పెరుగన్నం. మూడు గుట్టల కోసం పట్టుబట్టనక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. తినిపించే చెంచానే మళ్లీమళ్లీ గిన్నెలో ముంచితే, పావుగంటకి ముద్ద నీళ్లుగా విడిపోతుంది. ఉమ్మిలో ఉండే ఎంజైము పిండిని కరిగిస్తుంది. మొదటి చెంచా 4వ మెట్టులో ఉంటుంది, చివరి చెంచాలు కారిపోతుంటాయి, పొలమారేది అప్పుడే. అందుకే పెద్ద గిన్నెని మూతపెట్టి పక్కన ఉంచి, చిన్న కప్పులోకి నాలుగైదు చెంచాలే తీసుకుంటూ తినిపించాలి. టీ చెంచానే వాడాలి, పెద్ద చెంచా వద్దు. నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. పక్షవాతం ఉన్న వైపు బుగ్గలో ముద్ద దాగి ఉంటుంది, చివర్లో నోరు తెరిపించి చూడండి.

ఆశ్రమవంటగది

నీళ్ల లెక్క చూశాక జావ మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాయిల మాట కూడా నచ్చింది. చారు, మంచినీళ్ల సంగతేమిటి? చారు లేకపోతే చాలామంది భోజనం అయిందనుకోరు. నీళ్లు చిక్కబరచడానికి ఇసబ్‌గోల్ వాడమని ఒకరు సలహా ఇచ్చారు.

మింగుడుథెరపీ

ఇసబ్‌గోల్ వద్దే వద్దు. అది ఒకచోట ఆగదు, ఉబ్బుతూనే ఉంటుంది. మింగుడు సరిగా లేనివాళ్లకి గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. గ్జాంథన్ గమ్‌తో చేసిన చిక్కబరిచే పొడి మందుల షాపుల్లో దొరుకుతుంది, ఉమ్మికి కరగదు. కొలత డబ్బా మీద ఉన్నట్టే వెయ్యండి, కలిపి కొన్ని నిమిషాలు ఆగాకే చిక్కదనం చూడండి.

చిక్కదనం కొలవడానికి సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. సిరంజి కొనని వేలితో మూసి 10 దాకా నింపి, వేలు తీసి 10 సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూయండి. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే 1వ మెట్టు, 4 నుంచి 8 మిగిలితే 2, 8కి పైన మిగిలితే 3. సిరంజిలన్నీ ఒకేలా ఉండవు. 0 నుంచి 10 గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉన్నదే ఈ లెక్కకి పనికొస్తుంది.

చారన్నం మాత్రం మింగుడు దెబ్బతిన్నవాళ్లకి ప్రమాదమే. నీరు ఒక వేగంతో, మెతుకు ఒక వేగంతో గొంతుకి చేరతాయి. చారు మానక్కర్లేదు, వడకట్టి, నీళ్లలో కలిపిన బియ్యప్పిండితో ఉడికించి చిక్కబరచి చెంచాతో పట్టించండి.

వార్డుఅక్క

ఇక్కడ మాత్రం మీతో పూర్తిగా ఒప్పుకోను. చిక్కబరిచిన నీళ్లు దాహం తీర్చవు, ఇష్టంగా ఎవరూ తాగరు. రోజుకి అర లీటరు కూడా వెళ్లక నాలుక ఎండి, మూత్రం ముదురుతుంది, మగత వస్తుంది. చిక్కని నీళ్లతో న్యుమోనియా తగ్గుతుందనడానికి గట్టి రుజువులూ లేవు. పొద్దున, రాత్రి నోరు శుభ్రంగా తోమించడం అంతకంటే ఎక్కువ కాపాడుతుంది. పాచి నోటితో మింగిన మంచి ముద్ద కూడా జబ్బే.

మింగుడుథెరపీ

నోటి శుభ్రత గురించి మీరన్నది అక్షరాలా నిజం. చిక్కని నీళ్లు అందరికీ అనడం లేదు. పరీక్షలో పల్చటివి ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నాయని తేలినవాళ్లకి, అదీ డాక్టరూ ఇంటివాళ్లూ కూర్చుని నిర్ణయించుకున్నాక. కొందరు మామూలు నీళ్లే కావాలంటారు, ముప్పు తెలిసి అడిగితే ఆ మాటకి విలువివ్వాలి. నోరు కడిగాక, భోజనానికీ భోజనానికీ మధ్య, చిన్న గుక్కలతో ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఎవరికి సరిపడుతుందో మాత్రం మనిషిని చూడకుండా చెప్పలేం.

పప్పుగుత్తి

శుభ్రత అన్నారు కాబట్టి జార్ గురించి కూడా. పైన మెరుస్తుంటుంది, మూత రబ్బరు కిందా బ్లేడు అడుగునా నిన్నటి కూర ఉంటుంది. రబ్బరు రోజూ ఊడదీసి కడగండి. జార్‌లో తిప్పేసరికి కూర వేడి పడిపోతుంది, మళ్లీ పొయ్యి మీద పొగలు వచ్చేదాకా తిప్పి హాట్‌ప్యాక్‌లో పెట్టండి, 60 డిగ్రీలకి పైన నిలవాలి. తినిపించేటప్పుడు కప్పులో ఆరనివ్వండి. మధ్యాహ్నం అన్నాన్ని గట్టు మీద వదిలేసి రాత్రికి ఎనపడం వద్దు. అన్నంలో ఉండే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, మళ్లీ వేడి చేసినా అవి వదిలిన విషం పోదు. మరీ వేడిది జార్‌లో సగానికి మించి పోస్తే ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది.

ఆశ్రమవంటగది

అయితే సోమవారం నుంచి పప్పన్నం, కూర, పెరుగన్నం విడివిడిగా. పెరుగన్నం మాత్రం పొయ్యి దగ్గర బాగానే జారుతుంది, వార్డుకి చేరేసరికి గడ్డకడుతుంది. అందుకేనేమో నీళ్లు పోయడం అలవాటైంది.

పప్పుగుత్తి

బియ్యంలో పిండి చల్లారేకొద్దీ బిగుస్తుంది, రాగిజావ కూడా అంతే. పొయ్యి దగ్గర కొంచెం జారుగానే దించండి. అర లీటరు కాచిన పాలు ఫ్లాస్కులో వార్డుకి పంపండి, గట్టిపడినప్పుడు ఆయా రెండు చెంచాలు వేసి ఎనుపుతుంది. ఫోర్కు పరీక్ష వంటగదిలో మొదటి పళ్లెం మీద కాదు, వార్డులో తొమ్మిదో మనిషి గిన్నె మీద చెయ్యండి. ఆ గిన్నె నిలిస్తే మిగతా ఎనిమిదీ నిలిచినట్టే.