ఒకే లినక్స్ మెషీన్‌లో మూడు మైఎస్‌క్యూఎల్‌లు: వేరు పెట్టాలా, ఒకే దాంట్లో ఉంచాలా?

కాకినాడ_అడ్మిన్:

అందరికీ నమస్కారం. మాది చిన్న కంపెనీ, ఒకే సర్వర్. 64 జీబీ ర్యామ్, 16 కోర్లు, రెండు ఎన్‌విఎంఈ డిస్కులు మిర్రర్‌లో ఉన్నాయి. దాని మీద మైఎస్‌క్యూఎల్ 8.0 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఒకే ఇన్‌స్టన్స్‌గా, అంటే ఒకే సర్వర్ ప్రాసెస్‌గా, నడుస్తోంది. అందులో ముగ్గురు క్లయింట్ల డేటాబేసులు ఉన్నాయి. కాలేజీ ఫీజుల యాప్‌ది 90 జీబీ, ల్యాబ్ రిపోర్టులది 40, ఎరువుల డీలర్ బిల్లింగ్‌ది 15.

పోయిన నెల ల్యాబ్‌లో ఎవరో వేర్ లేకుండా, అంటే ఏ వరసలు మార్చాలో చెప్పకుండా, అప్‌డేట్ కొట్టారు. "నిన్న మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉందో అలా తెచ్చివ్వండి" అన్నారు. మా ఎక్స్‌ట్రాబ్యాకప్ (డేటా ఫైళ్లని కాపీ తీసే టూల్) మొత్తం ఇన్‌స్టన్స్‌కి కలిపి తీసినది. 40 జీబీ కోసం 145 జీబీనీ ఇంకోచోట పరిచి, బిన్‌లాగ్ (ప్రతి మార్పూ వరసగా రాసుకునే లాగ్) ఆడించి, అందులోంచి ల్యాబ్ టేబుళ్లు డంప్ తీసి, మళ్లీ ఎక్కించేసరికి తెల్లారిపోయింది. ఏడింటికల్లా పేషెంట్లు రిపోర్టుల కోసం లైన్లో ఉన్నారని ఫోన్ల మీద ఫోన్లు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఒక్కో క్లయింట్‌కి ఒక్కో ఇన్‌స్టన్స్ ఇచ్చి 3306, 3307, 3308 పోర్టుల్లో నడిపితే ఎలా ఉంటుంది? మా సీనియర్ ససేమిరా అంటున్నారు. "ఒకే ఒరలో రెండు కత్తులే ఇమడవు, నువ్వు మూడు పెడతానంటావా" అన్నారు. ఇంకో మెషీన్‌కి ఈ ఏడాది డబ్బు లేదు. చేసి చూసినవాళ్లు చెప్పండి.

బఫర్_పూల్:

మీ సీనియర్ మాట కొట్టిపారేయకండి. పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఇలా వేరు పెట్టిన సెటప్పులు మూడు చోట్ల చూశాను. ఒకే ఇంట్లో మూడు పొయ్యిలు పెట్టుకున్నట్టు ఉంటుంది. వంట ఎవరిది వాళ్లదే, కానీ నీళ్లు తోడుకునే నుయ్యి ఒకటే. ఇక్కడ నుయ్యి అంటే డిస్కు. ఒకరు రాత్రి బ్యాకప్ మొదలుపెడితే మిగతా ఇద్దరి కమిట్లు నెమ్మదిస్తాయి. పోర్టు మారినంత మాత్రాన ఆ బాధ తప్పదు.

ర్యామ్ సంగతి చూడండి. ఇప్పుడు మీకు ఒకే బఫర్ పూల్ (డేటా పేజీలని ర్యామ్‌లో ఉంచుకునే చోటు) ఉంది, 44 జీబీ అనుకుందాం. ఫీజులు కట్టే నెలలో కాలేజీ పేజీలు అందులో ఎక్కువ చోటు తీసుకుంటాయి. ఆ సీజన్ అయ్యాక ల్యాబ్ పేజీలు ఆ చోట్లోకి వస్తాయి. ఎవరూ చెప్పక్కర్లేదు, ఈమధ్య వాడని పేజీలని ముందు బయటికి పంపే ఎల్‌ఆర్‌యూ లిస్టే సర్దుకుంటుంది. ఎవరైనా పెద్ద రిపోర్టు కోసం టేబుల్ మొత్తం చదివినా, కొత్త పేజీలు ముందు లిస్టు వెనక భాగంలో, అంటే దాదాపు 37 శాతం ఉండే చోట కూర్చుంటాయి కాబట్టి రోజూ వాడే పేజీలు అంత తేలిగ్గా బయటికి పోవు. మూడు ముక్కలు చేశారంటే ఈ సర్దుబాటు పోతుంది. ఒకదానికి చాలక డిస్కు మీద పడి చదువుతుంటే పక్కదాంట్లో పది జీబీ ఊరికే పడి ఉంటుంది.

పైగా ప్రతి ఇన్‌స్టన్సూ మెషీన్ మొత్తం తనదే అనుకుంటుంది. ఇన్నోడీబీ_డెడికేటెడ్_సర్వర్ (మెషీన్ అంతా ఈ ఒక్క డేటాబేస్‌కే అని చెప్పే ఆప్షన్) ఆన్‌లో ఉన్న కాన్ఫిగ్‌నే కాపీ కొట్టి రెండోదానికి పెట్టారనుకోండి. 4 జీబీ దాటిన మెషీన్‌లో అది 75 శాతం ర్యామ్‌ని బఫర్ పూల్‌కి లెక్కేస్తుంది. మీ 64లో అది 48. రెండోది కూడా ఇంకో 48 లెక్కేసుకుంటుంది. మొదటిరోజు ఏమీ అవదు, ఎందుకంటే పేజీని ముట్టుకున్నప్పుడే లినక్స్ నిజంగా మెమరీ ఇస్తుంది. పూల్స్ నిండాక ఏదో ఒక రాత్రి ఓఓఎం కిల్లర్, అంటే మెమరీ అయిపోతే ప్రాసెస్‌ని చంపే లినక్స్ భాగం, వస్తుంది. అది తప్పెవరిదో చూడదు, ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ని చంపుతుంది. డీలర్ యాప్ తప్పు చేస్తే పడిపోయేది కాలేజీ డేటాబేస్.

మైఎస్‌క్యూఎల్ 8.4లో ఐఓ కెపాసిటీ (డిస్కు సెకనుకి ఎంత పని తట్టుకుంటుందో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్‌ని కూడా 200 నుంచి 10000కి పెంచారు. ఒకే డిస్కు మీద మూడు ఇన్‌స్టన్సులు, మూడూ 10000 నాదే అనుకుంటూ ఫ్లష్ చేస్తుంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

రాత్రి_డ్యూటీ:

బఫర్_పూల్ గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే, కానీ ఆయన అడిగింది వేగం గురించి కాదు. ల్యాబ్ డేటాని విడిగా వెనక్కి తేలేకపోయారు, అదీ ఆయన బాధ. దానికి మీ దగ్గర జవాబేంటి?

ల్యాబ్‌కి వేరే ఇన్‌స్టన్స్ ఉంటే దాని బిన్‌లాగ్ దానిదే, దాని బ్యాకప్ దానిదే. 40 జీబీ పరిచి, అదే బిన్‌లాగ్‌ని రెండింటి వరకు ఆడించి, అక్కడ ఆపితే పని అయిపోతుంది. కాలేజీ వాళ్లకి తెలియను కూడా తెలియదు.

అప్‌గ్రేడ్ సంగతి కూడా ఉంది. 8.0కి సపోర్టు 2026 ఏప్రిల్ వరకే. తర్వాతి ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టు ఉండే వెర్షన్) 8.4, అందులో నేటివ్ పాస్‌వర్డ్ ప్లగిన్ (పాత లాగిన్ పద్ధతి) డిఫాల్ట్‌గా ఆఫ్. డీలర్ బిల్లింగ్ లాంటి పాత యాప్‌ల డ్రైవర్లు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి. మూడూ ఒకే ఇన్‌స్టన్స్‌లో ఉంటే ముగ్గురు క్లయింట్లూ ఒకే రాత్రి సిద్ధంగా ఉండాలి. నా సర్వీసులో ముగ్గురు ఒకే రాత్రికి ఒప్పుకోవడం నేను చూడలేదు.

కనెక్షన్ల సంగతి కూడా చూడండి. డిఫాల్ట్ 151. డీలర్ యాప్ కనెక్షన్లు మూయకుండా లీక్ చేస్తే కాలేజీ ఫీజు కౌంటర్ దగ్గర "టూ మెనీ కనెక్షన్స్" వస్తుంది.

ర్యామ్ ముక్కలైపోతుందన్నారు. బఫర్ పూల్ సైజుని నడుస్తుండగానే మార్చే వీలు 5.7 నుంచీ ఉంది. ఫీజుల సీజన్‌లో ల్యాబ్ నుంచి 6 జీబీ తగ్గించి కాలేజీకి పెంచండి, రీస్టార్ట్ అక్కర్లేదు. ఇక ఓఓఎం అంటారా, ఒక్కో సర్వీస్‌కి సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) మెమరీమ్యాక్స్, అంటే మెమరీ పరిమితి, రాయండి. గీత దాటిన సర్వీసే పడుతుంది, పక్కవాళ్లది పడదు.

బఫర్_పూల్:

కనెక్షన్లకి ఇన్‌స్టన్స్ వేరు చేయక్కర్లేదండీ, యూజర్ అకౌంట్ మీద మ్యాక్స్ యూజర్ కనెక్షన్స్ పెడితే సరిపోతుంది. రీస్టోర్‌కి కూడా దారి ఉంది. రో ఫార్మాట్ (మారిన వరసలనే రాసే) బిన్‌లాగ్ అయితే ఒక్క డేటాబేస్‌కే వడకట్టి ఆడించొచ్చు. ఎక్స్‌ట్రాబ్యాకప్‌ని ఎక్స్‌పోర్ట్ ఆప్షన్‌తో సిద్ధం చేస్తే కావలసిన టేబుళ్లనే టేబుల్‌స్పేస్ ఇంపోర్ట్‌తో (టేబుల్ ఫైలునే తెచ్చి తగిలించే పద్ధతి) తెచ్చుకోవచ్చు.

డిస్కు గురించి మాత్రం మీరు మాట్లాడలేదు. సిస్టమ్‌డీలో ఐఓవెయిట్ (డిస్కులో ఎవరికెంత వాటా అనే అంకె) రాస్తే చాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎన్‌విఎంఈ మీద డిస్కు పనుల వరస తేల్చే షెడ్యూలర్ చాలాచోట్ల నన్ అని ఉంటుంది. వాటా ప్రకారం పంచే బీఎఫ్‌క్యూ గానీ ఐఓకాస్ట్ గానీ ఆన్ చేయకపోతే ఆ వెయిట్ ఉత్త అంకె, ఏ పనీ చేయదు. బ్యాకప్ సర్వీస్‌కి ఐఓ రీడ్ బ్యాండ్‌విడ్త్ మ్యాక్స్ పెడితే మాత్రం పనిచేస్తుంది.

రాత్రి_డ్యూటీ:

ఐఓవెయిట్ మాట ఒప్పుకుంటాను, నేనూ అలాగే మోసపోయాను. టేబుల్‌స్పేస్ ఇంపోర్ట్ ఒప్పుకోను. ల్యాబ్ యాప్‌లో రెండువందల టేబుళ్లు, వాటి మధ్య ఫారిన్ కీలు (ఒక టేబుల్‌ని ఇంకోదానితో ముడిపెట్టే లింకులు). రాత్రి రెండింటికి ఒక్కోటీ డిస్కార్డ్ చేసి, ఫైలు తెచ్చి పెట్టి, ఇంపోర్ట్ కొట్టాలి. స్క్రిప్టు ముందే రాసి పెట్టుకున్నా, ఒక్క టేబుల్ నిర్వచనం తేడా వస్తే ఆగిపోతుంది. నిద్రమత్తులో ఉన్న మనిషి చేయాల్సిన పని అది కాదు.

3307_పాఠం:

ఇద్దరూ ర్యామ్, డిస్కు అంటున్నారు, నాకు జరిగింది చెబుతాను. మా దగ్గర రెండు ఇన్‌స్టన్సులు. 3306లో అసలు డేటా, 3307లో టెస్టింగ్. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు టెస్టింగ్‌లో పాత ఇన్వాయిస్ టేబుల్ ఖాళీ చేయమన్నారు. క్లయింట్‌లో హోస్ట్ లోకల్‌హోస్ట్ అని, పోర్టు 3307 అని ఇచ్చాను. లాగిన్ అయింది. రెండింటిలోనూ రూట్ పాస్‌వర్డ్ ఒకటే. ట్రంకేట్ కొట్టాను.

లోకల్‌హోస్ట్ అని రాస్తే మైఎస్‌క్యూఎల్ క్లయింట్ టీసీపీకి పోదు, యూనిక్స్ సాకెట్‌కి (అదే మెషీన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే ఫైలు) పోతుంది. పోర్టు నంబరుని అసలు చూడదు. ఎర్రరూ ఇవ్వదు, హెచ్చరికా ఇవ్వదు. డిఫాల్ట్ సాకెట్ ఎవరిది? 3306ది. నేను ఖాళీ చేసింది అసలు ఇన్వాయిస్ టేబుల్‌ని.

అరగంట తర్వాత అకౌంట్స్ నుంచి ఒక అబ్బాయి వచ్చి "అక్కా, ఇన్వాయిస్‌లు ఏవీ కనపడట్లేదు" అన్నాడు. నా చేతులు చల్లబడిపోయాయి. సెలెక్ట్ పోర్ట్ కొట్టి చూస్తే 3306. బ్యాకప్ ఉంది కాబట్టి సాయంత్రానికి తెచ్చాం, కానీ ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

కాకినాడ_అడ్మిన్ గారూ, వేరు పెట్టండి, నేను వద్దనను. పెట్టేముందు ఇవి చేయండి. ప్రతి ఇన్‌స్టన్స్‌కీ రూట్ పాస్‌వర్డ్ వేరుగా ఉండాలి. లోకల్‌హోస్ట్ మాటే మానేసి 127.0.0.1 రాయండి, లేదా సాకెట్ ఫైలు పేరు పూర్తిగా ఇవ్వండి. ప్రాంప్ట్‌లో పోర్టు లేక సాకెట్ కనపడేలా కాన్ఫిగ్‌లో పెట్టండి, దానికి వెనక గీతతో పీ అక్షరం సరిపోతుంది. మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పండి.

పోస్ట్‌గ్రెస్_పక్షం:

మా వైపు ఈ చర్చ ఎప్పుడో తేలిపోయింది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లస్టర్‌లో (మీ ఇన్‌స్టన్స్ లాంటిది) ఎన్ని డేటాబేసులున్నా వాల్ లాగ్ (మార్పుల లాగ్) ఒకటే. ఒక్క డేటాబేస్‌ని మాత్రమే ఫలానా నిమిషానికి వెనక్కి తెస్తానంటే కుదరదు, క్లస్టర్ మొత్తం వెళ్లాల్సిందే. రోల్స్ (యూజర్ అకౌంట్లు) కూడా క్లస్టర్ అంతటికీ ఉమ్మడి. అందుకే విడిగా రీస్టోర్ కావాలంటే క్లస్టర్ వేరు చేయడమే పద్ధతి. డెబియన్, ఉబుంటుల్లో పీజీ_క్రియేట్‌క్లస్టర్ కొడితే 5433లో కొత్తది లేస్తుంది, దాని కాన్ఫిగ్ వేరు, డేటా ఫోల్డర్ వేరు. పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ అంటే ఏది ఏ పోర్టులో ఉందో వరసగా చూపిస్తుంది. ర్యామ్ లెక్క మాత్రం మీకున్నట్టే మాకూ ఉంది. షేర్డ్ బఫర్లకి (మీ బఫర్ పూల్ లాంటిది) ర్యామ్‌లో పావు వంతు ఇవ్వమనే సలహా ఒక్క క్లస్టర్ ఉన్న మెషీన్‌కి. మూడు క్లస్టర్లుంటే ఆ పావు వంతునే పంచాలి.

కొత్త_కుర్రాడు:

అన్నా, డాకర్‌లో మూడు కంటెయినర్లు పెడితే ఈ గొడవ లేదు కదా?

రాత్రి_డ్యూటీ:

ఉంటుంది తమ్ముడూ. కంటెయినర్ కూడా అదే కెర్నల్ మీద, అదే డిస్కు మీద నడిచే మామూలు ప్రాసెస్. సీగ్రూప్ (ప్రాసెస్‌లకి కెర్నల్ గీసే గీతలు) పరిమితులు సిస్టమ్‌డీలో పెట్టినా అవే, డాకర్‌లో పెట్టినా అవే. వెర్షన్లు పక్కపక్కనే పెట్టుకోవడం తేలికవుతుంది, అది నిజమైన లాభం. మెమరీ పరిమితి రాయడం మర్చిపోతే మాత్రం అక్కడా అదే ఓఓఎం వస్తుంది.

కాకినాడ_అడ్మిన్:

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలు పాత డెస్క్‌టాప్ మీద ప్రయత్నించాను, ఏం జరిగిందో చెబుతాను.

మాది ఆర్‌పీఎం ప్యాకేజీలు వాడే లినక్స్ డిస్ట్రో కాబట్టి సిస్టమ్‌డీ టెంప్లేట్ ఉంది, సర్వీసు పేరులో ఎట్ గుర్తు తర్వాత "ల్యాబ్" అని పెట్టాను. కాన్ఫిగ్‌లో అదే పేరుతో విభాగం రాసి డేటా డైరెక్టరీ, పోర్టు, సాకెట్, ఎర్రర్ లాగ్ అన్నీ వేరు చేశాను. అయినా లేవలేదు. లాగ్‌లో పోర్టు బైండ్ దగ్గర పర్మిషన్ డినైడ్ అని ఉంది. సెలినక్స్‌కి (ఏ ప్రోగ్రామ్ దేన్ని వాడొచ్చో కాపలా కాసే లినక్స్ భాగం) 3306 తెలుసు, 3307 తెలియదు. నెట్‌లో చాలామంది సెలినక్స్ ఆపేయమని రాశారు. ఆపలేదు. సెమేనేజ్‌తో 3307ని మైఎస్‌క్యూఎల్ పోర్టుగా చేర్చి, కొత్త డేటా ఫోల్డర్‌కి సరైన లేబుల్ వేశాను. మళ్లీ స్టార్ట్ చేస్తే లేచింది, కానీ లాగ్‌లో ఎక్స్ ప్రోటోకాల్ (మైఎస్‌క్యూఎల్ రెండో పోర్టు) 33060 దగ్గర ఎర్రర్, అది కూడా రెండింటికీ ఒకటే ఉండిపోయింది. దాన్నీ మార్చాక ఆ ఎర్రర్ పోయింది.

ఇంకో తప్పు కూడా చేశాను. డేటా ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేశాను. తర్వాత ల్యాబ్‌కి పాతదాన్నుంచి రెప్లికేషన్ (మార్పులని అటు నుంచి ఇటు పంపడం) పెడితే రెండు సర్వర్ల యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఒకటేనని ఆగిపోయింది. ఆటో డాట్ సీఎన్ఎఫ్ ఫైలు కూడా కాపీ అయిపోయిందన్నమాట. దాన్ని తీసేసి రీస్టార్ట్ చేస్తే కొత్త నంబరు వచ్చింది.

తర్వాత ల్యాబ్ బ్యాకప్‌ని నిన్నటి మధ్యాహ్నానికి తెచ్చి చూశాను. ఆ పాత డెస్క్‌టాప్ మీదే గంటా పది నిమిషాలు పట్టింది. ఆ లెక్క కాగితం మీద రాసి తీసుకెళ్లి మా సీనియర్ ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, ల్యాబ్ ఒక్కటే వేరు పెట్టమన్నారు. కాలేజీ, డీలర్ కలిసే ఉంటాయి. బఫర్ పూల్ ఉమ్మడిదానికి 30 జీబీ, ల్యాబ్‌కి 12. మిగతాది కనెక్షన్లకి, బ్యాకప్‌కి, కెర్నల్‌కి వదిలేశాం. డెడికేటెడ్ సర్వర్ ఆప్షన్ రెండింటిలోనూ ఆఫ్, ఐఓ కెపాసిటీ రెండింటిలోనూ చేత్తో రాశాం.

బఫర్_పూల్:

రెండైతే నాకు అభ్యంతరం లేదు. మూడో దాని దగ్గరే నేను మొదటి నుంచీ వద్దంటున్నది, డీలర్ 15 జీబీకి వేరే కాపురం అక్కర్లేదు. ఒక్కటి అడుగుతాను. రెండు బ్యాకప్‌ల క్రాన్ టైములు (అవి వాటంతటవే మొదలయ్యే టైములు) చూశారా? కాపీ కొట్టిన స్క్రిప్టయితే రెండూ ఒంటి గంటకే ఉంటాయి.

కాకినాడ_అడ్మిన్:

ఇప్పుడే చూశాను గారూ. రెండూ ఒంటి గంటకే ఉన్నాయి. ల్యాబ్‌ది మూడున్నరకి మార్చాను.

3307_పాఠం:

స్క్రిప్టులో హోస్ట్ ఏమని ఉంది? లోకల్‌హోస్ట్ అని ఉంటే మూడున్నరకి ల్యాబ్ పేరుతో కాలేజీ బ్యాకప్ తీస్తుంది. ఈ రాత్రే చూడండి.