కరెంటుతో మెత్తబడే ఎలక్ట్రోడ్ ఒంట్లోకి అవసరమా?

భీమవరం_కెమిస్ట్రీ: సెమినార్ కోసం అడుగుతున్నా. మెదడు సిగ్నల్స్ పట్టడానికి లోపల గుచ్చే సిలికాన్ సూది (ఎలక్ట్రోడ్) గట్టిదనం 130–170 గిగాపాస్కల్స్. మెదడుది కొన్ని కిలోపాస్కల్స్ మాత్రమే, అంటే కోట్ల రెట్లు తక్కువ. మెదడు కదిలినప్పుడల్లా సూది ఒరుసుకుంటుంది, చుట్టూ మచ్చ కట్టి సిగ్నల్ పడిపోతుంది. విద్యుత్తు పారే కొన్ని పాలిమర్లకి (ప్లాస్టిక్ జాతి పదార్థాలు) ఒక్క వోల్టు లోపు ఇస్తే చాలు, అయాన్లూ (ఛార్జీ ఉన్న కణాలు) వాటి వెంట నీరూ లోపలికి దూరి పొర మెత్తబడుతుంది. గుచ్చేటప్పుడు గట్టిగా, గుచ్చాక మెత్తగా. ఇదే దారి అంటాను. కాదనేవాళ్లున్నారా?

అమలాపురం_మాస్టారు: నేనున్నానండి. పదార్థం గట్టిదనం వేరు, రేకు వంగడం వేరు. మందం పదో వంతు చేస్తే వంచడానికి కావలసిన బలం మందం ఘనం (క్యూబ్) లెక్కన వెయ్యో వంతుకి పడిపోతుంది. సన్నగా చేస్తే తీరిపోయేదానికి ఈ కరెంటు హంగామా ఎందుకు?

భీమవరం_కెమిస్ట్రీ: సన్నగా ఉంటే గుచ్చేటప్పుడు మడతపడిపోద్ది మాస్టారూ.

అమలాపురం_మాస్టారు: దానికి పట్టు ప్రోటీనో, పీఈజీయో (నీళ్లలో కరిగే ఓ పాలిమర్) పూత పూస్తారు. లోపలికెళ్లాక అదే కరిగిపోతుంది. మందం ఘనం సంగతికి జవాబు చెప్పలేదు మీరు.

ఆత్రేయపురం_అల్లుడు: పూతరేకన్నమాట. ఎండితే పటుక్కున విరుగుద్ది, తడిగుడ్డ వేస్తే మడతకొస్తాది. ఆయ్!

అమలాపురం_మాస్టారు: పూతరేకుని ఒక్కసారే తడుపుతారండి. ఇది ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే కిందున్న ఎలక్ట్రోడ్ లోహం మీంచి పొర లేచిపోతుంది. ఈ పాలిమర్లకి హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావాలకి 2000లోనే నోబెల్ వచ్చింది. కాక్లియర్ ఇంప్లాంట్లలో (వినపడనివాళ్లకి చెవి లోపల అమర్చే పరికరాలు) మాత్రం ఇప్పటికీ ప్లాటినమే. ఊరికే ఉందంటారా?

రాజోలు_నాన్న: మా అమ్మాయికి ఆ ఇంప్లాంటే ఉందండి. లోపలున్న ప్లాటినానికి ఏమీ అవలేదు. బయట చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ పోయింది. ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనుక్కోమన్నారు. వాళ్లు చెప్పిన రేటుకి కొబ్బరితోట తాకట్టు పెట్టాలి. పిల్ల బడిలో ఏమీ వినపడక కూర్చుంది. మీరేమో మెత్తనా గట్టినా అని కొట్టుకుంటున్నారు.

భీమవరం_కెమిస్ట్రీ: బాధ అర్థమైందండి, కానీ అది వేరే విషయం.

రాజోలు_నాన్న: ఎలా వేరు? మీ కరెంటు ఎక్కడినుంచి వస్తాది, గోదారిలోంచా? దానికీ బయట ఓ పెట్టె ఉండాలిగా!

భీమవరం_కెమిస్ట్రీ: ప్రతిదానికీ మీ ఇంటి గొడవ తెస్తే ఇక సైన్సు మాట్లాడుకోలేం.

పాలకొల్లు_రిపేరు: తమ్ముడూ, నోరు జాగ్రత్త. పెద్దాయన ఆయన.

అమలాపురం_మాస్టారు: సరే, నేనూ తేల్చి చెప్తాను. మెత్తదనం మీద నాకు పేచీ లేదు. లోపల పెట్టాక గుణం మార్చుకునే వస్తువంటేనే పేచీ. ప్లాటినం ఇవాళ ఎలా ఉందో పదేళ్లకీ అలాగే ఉంటుంది. మీ పొరని నడిపే సర్క్యూట్ చచ్చిపోతే అది గట్టిగా ఆగుతుందా, మెత్తగా ఆగుతుందా?

భీమవరం_కెమిస్ట్రీ: పదార్థాన్ని బట్టి. కొన్ని ఛార్జీ పట్టుకుని కొంతసేపు అలాగే ఉంటాయి, తర్వాత మెల్లగా వెనక్కి జారతాయి. అందుకే కరెంటు లేనప్పుడు మెత్తగా ఉండేదాన్నే ఎంచుకోవాలి. గుచ్చేటప్పుడు మాత్రమే కరెంటుతో గట్టిపరచాలి.

అమలాపురం_మాస్టారు: అంటే గుచ్చాక కరెంటుతో పనే లేదు. మరి కరిగే పూతకన్నా ఇది దేంట్లో గొప్ప?

భీమవరం_కెమిస్ట్రీ: పూత ఒక్కసారికే. సూది పక్కకి పోతే ఇది బయటికి తీసి, గట్టిపరచి, మళ్లీ గుచ్చొచ్చు. ఏళ్ల తర్వాత జరపాలన్నా అంతే.

రాజోలు_నాన్న: ఏళ్ల తర్వాత ఆ గట్టిపరిచే పెట్టె ఎవరి దగ్గరుంటాది? మోడల్ ఆపేశాక?

పాలకొల్లు_రిపేరు: వోల్టు లోపే కదండీ. ఏ పిన్నుకి ఎంత ఇవ్వాలో కాగితం మీద పెడితే నా బల్ల మీదే చేసిస్తాను. ఆ కాగితమే ఇవ్వరు.

రాజోలు_నాన్న: కెమిస్ట్రీ గారూ, మీ సెమినార్‌లో ముందు ఆ కాగితం అడగండి.