కుక్కలు రొమ్ము క్యాన్సర్‌కు ‘నమూనా’ అనవచ్చా?

పశువైద్య వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఆడకుక్కల పాలగ్రంథుల్లో వచ్చే కణితులు స్త్రీల రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు మోడల్ అనే చోట ‘నమూనా’ సరిపోతుందా? ‘ప్రతిరూపం’ మేలా? పెద్దలు చెప్పగలరు.

* * *

‘నమూనా’తో చిక్కు ఉందండీ. రక్త నమూనా, కణజాల నమూనా అంటూ ప్రయోగశాలల్లో ఆ మాట శాంపిల్‌కే స్థిరపడింది. మీ వ్యాసంలో రెండర్థాలూ ఒకే పేరాలో ఎదురుపడతాయి: కణితి నుంచి నమూనా తీస్తారు, ఆ కణితినే నమూనాగా చూస్తారు. చదివేవారికి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

‘ప్రతిరూపం’ మాత్రం వద్దు. అది అచ్చుగుద్దినట్టుండే దానికి చెల్లే మాట. కుక్కల్లో మిశ్రమ కణితులు తరచుగా కనిపిస్తాయి. కోసి చూస్తే గ్రంథి కణజాలం నడుమ మృదులాస్థి, ఒక్కోసారి ఎముక కూడా ఉంటుంది. స్త్రీలలో అలాంటివి బహు అరుదు.

అయినా పోలిక బలమైనదే. ఎలుకల్లో కణితిని చాలాసార్లు పరిశోధకులే పుట్టిస్తారు, లేదా రోగనిరోధక శక్తి లోపించిన ఎలుకలో నాటుతారు. కుక్కకు వయసు మీరాక దానంతటదే వస్తుంది, మనుషులు తిరిగే ఇంట్లోనే, రోగనిరోధక వ్యవస్థ పనిచేస్తుండగానే. హార్మోన్ల ప్రభావమూ ఉంది. 1969లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మొదటి ఎదకు (జత కట్టే కాలానికి) ముందే అండాశయాలు తీసేసిన కుక్కలకు ముప్పు, తీయని వాటికి ఉండే ముప్పులో 0.5 శాతమే. ఒక ఎద తర్వాత తీస్తే 8 శాతం, రెండు దాటాక 26 శాతం. ఆ అంకెలకున్న ఆధారం ఎంత గట్టిదన్న ప్రశ్నలు తర్వాత వచ్చాయి కాబట్టి రాసేటప్పుడు సంవత్సరం తప్పక ఇవ్వండి.

నా సలహా: నామవాచకం కోసం వెతకకుండా క్రియతో చెప్పండి. ‘కుక్కలకు సహజంగా వచ్చే కణితులను పరిశీలించి స్త్రీల రొమ్ము క్యాన్సర్‌ను అర్థం చేసుకుంటున్నారు.’ పారిభాషిక పదం తప్పనిసరైన చోట ‘మోడల్’ అనే రాయండి, అందరికీ తెలిసిన మాటే.

* * *

పై సలహాతో ఏకీభవిస్తూ రెండు మాటలు. ‘కణితి’ అన్న ప్రతిచోటా ‘క్యాన్సర్’ అని మార్చకండి. కుక్కల పాలగ్రంథి కణితుల్లో సుమారు సగం ప్రమాదం లేనివే. అలాగే, చికిత్స కోసం తెచ్చిన పెంపుడు కుక్కను ‘ప్రయోగ జంతువు’ అనడం నాకు బాధగా ఉంటుంది. యజమాని అనుమతితో కొత్త మందు ఇచ్చినా, అది నయం కావాలని వచ్చిన ప్రాణి. ‘రోగి’ అనే రాయండి.